పేరు చెప్పని రైడు

2022 చివర, చలి మొదలైన రోజులు. గోదావరిఖనిలో మా కాలనీ గ్రౌండులో కాలనీల మధ్య కబడ్డీ పోటీలు నడుస్తున్నాయి. కోర్టు పక్కన వేసిన టేబుల్ ముందు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మైకు పట్టుకుని నేను కూర్చున్నాను. నా పేరు సుజాత, పని కామెంటరీ చెప్పడం. కళ్లముందు జరుగుతున్న ఆటను మళ్లీ నోటితో చెప్పడమెందుకని చాలామంది అడుగుతుంటారు. పెళ్లిలో తాళి కట్టడం కూడా అందరికీ కనబడుతూనే ఉంటుంది, అయినా మేళం వాయించాలి కదా అని నేను జవాబు చెబుతుంటాను.

కబడ్డీ తెలిసి నేను ఈ పనిలోకి రాలేదు. డిగ్రీ అయ్యాక మా ఊరి కేబుల్ ఛానెల్లో ప్రకటనలు చదివే ఉద్యోగం దొరికింది. తప్పిపోయిన గేదెలు, కరెంటు కోతలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఇవే నా వార్తలు. ఒక ఏడాది బొగ్గు గనుల ఏరియాల మధ్య ఆటల పోటీలు పెడితే, ఛానెల్ ఓనరు నన్ను గ్రౌండుకు పొమ్మన్నాడు. నాకు ఆట తెలియదని మొత్తుకున్నాను.

"ఆట తెల్వకపోతే ఏమాయె? ఆడేటోళ్లు నీకు ఎరికే గదా" అన్నాడాయన.

అది నిజమే. మా నాన్న గనిలో పంపు ఆపరేటరు. మా క్వార్టరు ఉన్న లైనులోనే సగం టీము ఉండేది. అందుకని ఆటగాళ్లను నేను ఇంటిమనుషులను పిలిచినట్టు పిలిచేదాన్ని. ఫలానా గని మనిషి, ఫలానా లైను చివరి క్వార్టరు, పొద్దున ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చి ఇప్పుడు కూతకు, అదే రైడుకు పోతున్నాడు అని చెబితే, టీవీల ముందు కూర్చున్నవాళ్లు "మనోడే, మనోడే" అని కేకలు పెట్టేవారట. ఆడపిల్లకు తొడగొట్టే ఆటతో పనేమిటని కొందరు ముక్కు మీద వేలేసుకున్నారు. తొడ నేను కొట్టడం లేదు, కొట్టారని చెబుతున్నాను అంతే అన్నాను. రెండు సీజన్లు గడిచేసరికి ముక్కు మీద వేళ్లు దిగిపోయాయి. కూరగాయల మార్కెట్లో నన్ను గుర్తుపట్టి కొసరు వేసేవారు. శ్రీరాంపూర్, కొత్తగూడెం దాకా కార్లో తీసుకెళ్లి కామెంటరీ చెప్పించారు. నాలాంటి గొంతు ఈ చుట్టుపక్కల లేదని నేను కూడా కొంచెం నమ్మాను.

తర్వాత ఇంటింటికీ డిష్షులు వచ్చాయి, వాటి వెనకే ఫోన్లు వచ్చాయి. కేబుల్ ఛానెల్ మూతపడింది. నేను చీరల దుకాణాల ప్రారంభోత్సవాల్లో మైకు పట్టుకోవడం మొదలుపెట్టాను. ఆషాఢం తగ్గింపు ధరలను రికార్డు చేసి ఆటోలో తిప్పేవారు. ఉప్పు కోసం బజారుకు వెళితే, నా గొంతే ఎదురొచ్చి నాకు దుప్పట్లు అమ్మజూపేది. అన్నం పెట్టే పనిని తక్కువ చేయకూడదు గానీ, ఆ రోజుల్లో నాకు బతుకు చప్పగా ఉండేదన్నది నిజం.

కరోనా పోయాక శ్రీకాంత్ అనే కుర్రాడు వచ్చి పిలిచాడు. పెళ్లి వీడియోల వ్యాపారం అతనిది. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టారు. ఆటలను యూట్యూబులో లైవ్ ఇస్తానని, నన్ను కామెంటరీ చెప్పమని అడిగాడు. దుప్పట్లకు దండం పెట్టి వచ్చేశాను. ఇప్పుడు చెప్పబోయేది మా ఛానెల్ మొదటి పెద్ద సీజనులో, ఫైనల్ నాటి సంగతి.

దానికి ముందు మా పనిలో రెండు మాటలు చెప్పాలి. ఒకటి 'టాక్‌బ్యాక్'. అంటే కెమెరాల దగ్గర ఉండే మనిషి మా చెవిలో మాట్లాడే లైను. జనానికి వినబడదు. శ్రీకాంత్ ఆ లైనులో నాకు స్కోరు చెబుతాడు, తొందరపెడతాడు, అప్పుడప్పుడు తిడతాడు. రెండోది 'డెడ్ ఎయిర్'. లైవ్ నడుస్తుండగా కామెంటరీ ఆగిపోతే ఆ నిశ్శబ్దాన్ని అలా అంటారు. గొంతు ఆగితే చూసేవాడి వేలు పక్క వీడియో మీదికి పోతుందని మా భయం. అందుకని ఏమీ తోచకపోయినా చలి గురించో, మట్టి గురించో ఏదో ఒకటి చెబుతూనే ఉండాలి.

ఫైనల్ మా కాలనీకి, శ్రీరాంపూర్ టీముకు మధ్య. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు ఇళ్లకు వచ్చి స్నానాలు చేసి చేరుకునేలా సాయంత్రం పెట్టారు. సెకండ్ షిఫ్ట్ వాళ్లు అప్పటికే గనిలోకి దిగిపోతారు. లోపలికి ఫోన్లు తీసుకుపోరు కాబట్టి వాళ్లు పైకి వచ్చాక మొత్తం ఆట చూసుకుంటారు. అందుకే మేము లైవ్‌ను కత్తిరించకుండా మొదటి నుంచి చివరి దాకా అలాగే ఉంచుతాం. ఇది మా ప్రాంతపు అలవాటు.

కోర్టు చుట్టూ కట్టిన తాడు అవతల ముందు వరుసలో కొమురయ్య కాక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా నాన్నతో కలిసి పనిచేసినవాడు కాబట్టి నాకు కాక, అంటే బాబాయి వరుస. ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఆయనను మించిన రైడరు లేడు. అదంతా నేను మైకు పట్టకముందు సంగతి. వీడియోలు లేని కాలం కాబట్టి ఆయన ఆట పెద్దవాళ్ల మాటల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఇప్పుడు ఆయనకు యాభై దాటాయి. గనిలో కప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టే పని చేసీ చేసీ వెన్నులో డిస్కులు జారిపోయాయి. స్వెటరు మీద నడుం బెల్టు బిగించుకుని, కర్ర పక్కన పెట్టుకుని ఆట చూస్తున్నాడు.

ఆయన మెడికల్ బోర్డుకు పెట్టుకున్న సంగతి కాలనీలో అందరికీ తెలుసు. గనిలో ఇక పని చేయలేనంత జబ్బు ఉందని బోర్డు డాక్టర్లు తేలిస్తే 'అన్‌ఫిట్' అంటారు. అప్పుడు ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే వీలుంది. రిటైర్మెంటు మరీ దగ్గరపడితే ఆ వీలు ఉండదు. కాకకు ఇదే ఆఖరి అవకాశం. ఆయనకు ఒక్కతే కూతురు, రజిత. డిగ్రీ చేసి పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. తల్లి లేని పిల్ల. ఆ ఉద్యోగం మీదే ఇంటి ఆశంతా పెట్టుకున్నారు. మరుసటి వారమే బోర్డు.

ఆట సగం దాటాక మా టీము పెద్ద రైడరుకు చీలమండ మెలిక పడింది. అతన్ని మోసుకెళ్లారు. స్కోరులో మేము వెనకబడ్డాం. వరుసగా రెండు రైడ్లు వట్టి చేతులతో తిరిగి వస్తే మూడోది 'డు ఆర్ డై' అవుతుంది. అందులో పాయింటు తేవాలి, లేదంటే రైడరు అవుట్. మావాళ్లకు సరిగ్గా ఆ మూడో రైడు వచ్చి పడింది. పోవడానికి మనిషి లేడు. మా కెప్టెను నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు.

అప్పుడు కొమురయ్య కాక లేచి నిలబడ్డాడు. మొదట నీళ్లకు లేచాడనుకున్నాను. ఆయన బెల్టు విప్పి కుర్చీ మీద పెట్టాడు, స్వెటరు తీశాడు, పంచె పైకి కట్టాడు. తాడు కింద నుంచి దూరి రిఫరీ దగ్గరికి వెళ్లాడు. మా పోటీల్లో ఒక వాడుక ఉంది. ఎదుటి కెప్టెను ఒప్పుకుంటే కాలనీ మనిషి ఎవరైనా బదులు ఆటగాడిగా దిగవచ్చు. శ్రీరాంపూర్ కెప్టెను నవ్వాడు.

"రానియ్యుండ్రి, పెద్దమనిషి ముచ్చట తీరుతది" అన్నాడు.

నా నోరు అప్పటికే తెరుచుకుంది. ఇన్నేళ్ల అలవాటు కదా, పేరు నాలుక చివరికి వచ్చేసింది. కొమురయ్య, ఆయన గని, ఆయన లైను, పాతికేళ్ల కిందటి ఆయన ఆట, అన్నీ వరుసగా నిలబడ్డాయి. నేను ఎదురుచూసిన రైడు అది. ఏ కామెంటేటరుకైనా జీవితంలో ఒకటో రెండో దొరుకుతాయి. అదే క్షణంలో రజిత ముఖం గుర్తొచ్చింది. వచ్చే వారం నడుం వంగదని డాక్టర్ల ముందు నిలబడాల్సిన మనిషి, ఇప్పుడు లైవ్ కెమెరా ముందు కబడ్డీ కోర్టులో తొడగొడుతున్నాడు. పేరు మింగేశాను.

"మా కాలనీ నుంచి ఒక సీనియర్ రైడరు వస్తున్నడు" అన్నాను. "ఎదురుంగ ఏడుగురు ఉన్నరు. శ్రీరాంపూర్ లెఫ్ట్ కార్నరును చూడుండ్రి, మస్తు హుషారున్నడు."

"అక్కా, ఎవరాయన? పేరు చెప్పండి!" అని టాక్‌బ్యాకులో శ్రీకాంత్.

నేను శ్రీరాంపూర్ వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. వాళ్లకు మెడికల్ బోర్డులు లేవు కదా.

గ్రౌండులో ఇంకో వింత జరుగుతోంది. మామూలుగా ఆటగాళ్ల పేర్లతో చెవులు చిల్లులు పడేలా అరిచే జనం, ఆ రోజు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, "ఏయ్, ఏయ్" అన్నారు గానీ ఒక్కరూ పేరు ఎత్తలేదు. బాగా తాగి ఉన్న ఒకడు మాత్రం "కొము..." అని మొదలుపెట్టగానే పక్కనున్నాయన వాడి నోటికి కండువా అడ్డం పెట్టాడు. చెప్పుకోకుండానే అందరూ ఒక మాట మీద నిలబడ్డారు. అంతమందికీ ఆ ఇల్లు గుర్తుంది, ఆ ఇంటాయనకే గుర్తులేదు.

కాక రైడు మొదలుపెట్టాడు. మొదట నాకు జాలేసింది. అడుగు బరువుగా పడుతోంది. ఎడమ చివర కాచే లెఫ్ట్ కార్నరు ఆగలేకపోయాడు, చీలమండ కోసం దూకాడు. అప్పుడు చూశాను. కాక పాదాన్ని వెనక్కి లాగిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందుంది. వేడి పెనం మీది నుంచి వేలు తీసినట్టు తీశాడు. తీస్తూనే వాడి భుజం తట్టాడు. రెండోవాడు వెనక నుంచి వచ్చి సరిగ్గా నడుమే పట్టుకున్నాడు. గ్రౌండంతా "అయ్యో" అంది. కాక వాడిని ఈడ్చుకుంటూనే ముందుకు పడి, చేయి చాచి, మధ్య గీత అందుకున్నాడు. రెండు పాయింట్లు.

ఆ గోల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. గోల తగ్గాక చూస్తే కాక గీత మీదే పడి ఉన్నాడు. లేవడం లేదు.

"పేరు, అక్కా, పేరు! లెజెండ్ తిరిగొచ్చాడని చెప్పండి! ఆగిపోకండి, డెడ్ ఎయిర్!" అని చెవిలో శ్రీకాంత్ అరుస్తున్నాడు.

నేను మాట్లాడాను. ఏం కనబడితే అది చెప్పాను. "రైడరు ఇంక లేవలేదు. ఒక కాలు కదులుతలేదు. నలుగురు కూడి లేపుతున్నరు. నడుం నిలుస్తలేదు, మళ్ల కూలబడ్డడు. స్ట్రెచర్ తెస్తున్నరు." శ్రీకాంత్ కెమెరా కూడా అక్కడే ఉంది. స్ట్రెచర్ తాడు దాటి దవాఖాన వైపు వెళ్లేదాకా చెబుతూనే ఉన్నాను. ఆ రెండు పాయింట్లతో గెలిచామా అంటే, లేదు. ఫైనల్ శ్రీరాంపూరే గెలిచింది.

ఆట ముగిశాక శ్రీకాంత్ వైర్లు చుడుతూ నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏంటక్కా మీరు? సీజన్ మొత్తానికి అదొక్కటే రైడు. అక్కడే నీళ్లు నమిలారు. ముక్క కట్ చేసి క్లిప్ వదులుతాను, మీరు వాయిస్ మళ్లీ చెప్పండి."

"చెప్ప. ఆయనకు వచ్చే వారం మెడికల్ బోర్డున్నది. మొత్తం లైవ్ ఎట్లున్నదో అట్ల ఉంచు, ముక్క మాత్రం కొయ్యకు" అన్నాను.

అతనికి గనుల కథలు అంతగా తెలియవు. వివరంగా చెప్పాక తల గీరుకున్నాడు. చెడ్డవాడు కాదు, క్లిప్ వదల్లేదు. కానీ ఆ రైడుతో మా ఛానెల్ ఎక్కడికో వెళ్లేదని, నేను కాళ్లకు అడ్డం పడ్డానని అతని మనసులో ఉండిపోయింది. తర్వాతి సీజనుకు మంచిర్యాల నుంచి వేరే గొంతును తెచ్చుకున్నాడు. నేను మళ్లీ దుప్పట్ల దగ్గరికి వెళ్లాను. బాధపడలేదని చెబితే అబద్ధం.

మేము వదలకపోయినా క్లిప్ ఆగలేదు. మా కాలనీ కుర్రాళ్లలోనే ఎవరో ఫోనులో తీశారు. తాడు వెనక నుంచి తీసిన వీడియో, ముఖం సరిగ్గా కనబడదు, మధ్య గీత అందుకోగానే అయిపోతుంది. "మన కాక దెబ్బకు దిమ్మతిరగాలె" అని రాసి వాట్సాపులో పెట్టారు. చెడు చేయాలని కాదు, గర్వం ఆపుకోలేక పెట్టారు. గ్రౌండులో నోరు కట్టుకున్నవాళ్లే ఇంటికొచ్చి వేళ్లు కట్టుకోలేకపోయారు. మూడు రోజుల్లో ఆ వీడియో తిరగని గ్రూపు లేదు. బోర్డు దాకా పోయిందని మాట పుట్టింది.

మర్నాడు పొద్దున్నే రజిత మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు.

"అక్కా, మీ లైవ్ తీసేయించు" అంది. "గ వాట్సాపుదాంట్ల మొకం కనబడ్తలేదు. మా బాపు కాదని అనొచ్చు. మీదాంట్ల సాఫ్ కనబడుతున్నది. జల్ది తీసేయించు, నీ కాళ్లు మొక్కుత."

ఆమె ఆ రోజు ట్యూషన్‌లో ఉండి ఆటకు రాలేదు. వీడియో కూడా చూడలేదట, చూడబుద్ధి కాలేదంది. నేను శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను. గొణిగాడు గానీ తీసేస్తానన్నాడు. అయినా ఒకసారి కాకకు చెప్పి తీయిద్దామని నేనే అన్నాను. ఇద్దరం వాళ్ల క్వార్టరుకు వెళ్లాం. అలా వెళ్లకపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేదేమో.

కాక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుం కింద వేడినీళ్ల సంచి ఉంది. నన్ను చూసి నవ్వబోయి మూలిగాడు.

"ఎందుకు దిగినవ్ కాక?" అని అడిగాను. కోపంగానే అడిగాను.

"రెండుమార్లు వట్టి చేతులతోని వచ్చిండ్రు బిడ్డా. మూడోది ఖాళీగ పోతున్నది. నా కాళ్లు ఆగలె" అన్నాడు. "మనసుల ఇంకేం లేకుండె. బోర్డు లేదు, నొప్పి లేదు. తాడు దాటినంక యాదికొచ్చింది, గప్పుడు ఏం జేయాలె?"

రజిత లైవ్ తీసేయిస్తున్న సంగతి చెప్పింది. బోర్డులో అడిగితే వీడియోలో ఉన్నది నేను కాదని చెప్పమంది. కాక పడుకునే తల అడ్డంగా ఊపాడు.

"గట్ల చెప్పరాదు బిడ్డా."

"ఎందుకు చెప్పరాదు? ఒక్క మాట బాపూ. ఒక్కటంటే ఒక్క మాట. నా కోసం చెప్పరాదా?"

"నడుం నొప్పి లేకున్నా ఉన్నదని చెప్పమంటే చెప్పేటోన్నేమో. ఆడింది నేను కాదంటే ఎట్ల? గా రైడు ఇంకెవలది?" అన్నాడు. "ఆడింది నేనే, కూలబడ్డది నేనే. రెండు చూడమను. సుజాతా, నువ్వు తీయకు. చివరిదాంక ఉండనియ్యి."

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఎవరి వైపు నిలబడాలో తెలియక గుమ్మంలో ఉండిపోయాను. కూతురి మాటలో తప్పేముంది? తండ్రి మాటలో మాత్రం తప్పేముంది? చివరికి ఆట ఆయనది కాబట్టి ఆయన మాటే విన్నాను. లైవ్ అలాగే ఉంచమని శ్రీకాంత్‌కు చెప్పాను. ఆ పూట రజిత నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

బోర్డులో జరిగింది కాకే తర్వాత చెప్పాడు. ఒక డాక్టరు ఫోను చూపించి, ఇందులో ఉన్నది నువ్వేనా అని అడిగాడట. "నేనే సారూ. గిది సగమే. పూరా వీడియో ఉన్నది, స్ట్రెచర్ వచ్చేదాంక చూడుండ్రి" అని కాక చెప్పాడు. డాక్టరు మొత్తం చూశాడట. స్కానింగులూ చూశాడట. వంగమన్నారు, లేవమన్నారు. ఫలితం ఏమిటంటే, గనిలోకి దిగే పనికి పనికిరాడు, పైన తేలిక పని చేయవచ్చు. కాకకు ల్యాంపు రూములో, హెడ్‌ల్యాంపులు ఇచ్చి పుచ్చుకునే చోట డ్యూటీ వేశారు. పూర్తిగా అన్‌ఫిట్ కాలేదు కాబట్టి రజితకు ఉద్యోగం రాలేదు.

వీడియో లేకపోయినా, ఆ స్కానింగులకు అదే తీర్పు వచ్చేదేమో. రాకపోయేదేమో. ఎవరం చెప్పగలం? డాక్టర్లను నేను తప్పుపట్టను. కానీ రజిత మనసులో మాత్రం లెక్క తేలిపోయింది. ఆమె ఉద్యోగాన్ని ఒక రైడు తినేసింది. తండ్రికి వేళకు అన్నం పెట్టేది, మందులు ఇచ్చేది, మాట మాత్రం లేదు. బజారులో నేను ఎదురైతే తల తిప్పుకునేది. పేరు దాచి మేలు చేశాననుకున్న నేను, ఆమె కంటికి ఆ వీడియో ఉంచిన మనిషినే కదా.

వేసవి వెళ్లి, వానలు కూడా వెనకబడ్డాక, ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. రజిత వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక ప్రైవేటు స్కూల్లో చేరానని, పోటీ పరీక్షలకు చదువుతున్నానని చెప్పింది. కాసేపు తనూ ఈనెలు తీసింది.

"అక్కా, గా వీడియో చూపియ్యవా?" అంది ఉన్నట్టుండి.

ఆమె ఇంతవరకూ చూడలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తండ్రి పెద్ద ఆటగాడని వింటూ వచ్చింది గానీ, ఆయన ఆడగా ఒక్కసారీ చూడలేదు. ముందురోజు స్కూల్లో ఎవరో పిల్లవాడు "టీచర్, మీ బాపు కాలు గుంజుడు నాకు నేర్పియ్యమనవా" అని అడిగాడట.

ఫోను గిన్నెకు ఆనించి పెట్టాను. ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించి చూసింది. కాక పాదం వెనక్కి లాగినప్పుడు "అబ్బ" అంది. నడుం పట్టుకున్నప్పుడు నా చేయి పట్టుకుంది. పడిపోయాక కళ్లు తుడుచుకుంది గానీ కళ్లు మరల్చలేదు. స్ట్రెచర్ వెళ్లిపోయేదాకా చూసి, మళ్లీ మొదటికి పెట్టమంది. రెండోసారి చూస్తూ నా వైపు తిరిగింది.

"అందరి పేర్లు చెప్పినవ్ అక్కా. శ్రీరాంపూర్ ఏడుగురివి చెప్పినవ్. మా బాపు పేరు ఏది?"

"నీ ఉద్యోగం కోసమే దాచిన బిడ్డా."

"అది రానే రాకపాయె. ఇప్పుడు చెప్పు."

ఫోను సౌండు తీసేశాను. చేతిలో మైకు లేదు, చెవిలో శ్రీకాంత్ లేడు, ఒళ్లో చిక్కుడుకాయలున్నాయి. ఆ రైడు మొదటి నుంచి చెప్పాను. కొమురయ్య పేరుతో, ఆయన గని పేరుతో, ఆయన కూతురు రజిత పేరుతో చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదనిపించింది. విన్నది ఒక్కతే. ఆమె తన ఫోనులో నా గొంతు రికార్డు చేసుకుని, ఇంటికి వెళ్లింది.

సాయంత్రం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. వెనక కాక గొంతు గట్టిగా వినబడుతోంది.

"అక్కా, బాపుకు వినిపిచ్చిన. అంత మంచిగనే చెప్పినవట, గని బోనస్ సంగతి మర్చిపోయినవట" అంది రజిత. ఆమె గొంతులో నవ్వు ఆగడం లేదు. "మూడు పాయింట్లు రావాలెనట. నువ్వు గిన చెప్పి ఉంటే రిఫరీ చూసేటోడు అంటుండు. ఇన్ని దినాల సంది మాట్లాడుకోలే గానీ, ఇప్పుడు గంటసేపాయె అక్కా, ఒక్కటే లొల్లి."

ఫోను పెట్టేశాక వీడియో మళ్లీ చూశాను. కోర్టులో ఏడుగురు ఉన్నారు కాబట్టి బోనస్ గీత దాటితే అదనంగా ఒక పాయింటు ఉంటుంది. నిదానంగా నడిపి చూశాను. కార్నరు దూకడానికి ముందే కాక కాలు ఆ గీత దాటింది, రెండో కాలు గాలిలో ఉంది. నూటికి నూరుపాళ్లు బోనసే. నేను కోర్టుకు అందరికంటే దగ్గరగా కూర్చున్నాను, చూడలేదు. మధ్యాహ్నం రెండోసారి చెప్పినప్పుడు కూడా ధ్యాసంతా పేరు మీదే ఉండి, కాలు చూడలేదు.

ఆ పై సీజనుకు శ్రీకాంత్ మళ్లీ పిలిచాడు. మంచిర్యాల గొంతు జలుబుకు ఆగలేదట. ఇప్పుడు కామెంటరీ నేర్చుకుంటామని పిల్లలు వస్తే, గొంతు గురించి, డెడ్ ఎయిర్ గురించి చెప్పే ముందు వాళ్లను కూర్చోబెట్టి ఈ రైడు చూపిస్తాను. పేరు చెప్పవచ్చు, దాచవచ్చు, దానికి రోజును బట్టి కారణాలుంటాయి, ఆ కారణాలు మంచివే కావచ్చు. కానీ ఒకటి దాచాలని చూసే కంటికి పక్కనున్న నాలుగు కనబడవు. ముందుగా కాలు చూడండి అని చెబుతాను. ఆడినవాడికి తన కాలు ఎక్కడ పడిందో ఎన్నేళ్లయినా గుర్తుంటుంది.